అత్వెల్లిల నేను చూపిచ్చిన కార్నర్ బిట్టు

మొన్న శనివారం నేను జేసిన ఘనకార్యం మీకింకా తెల్వదు గదా. మేడ్చల్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగటి హోటల్‌కే మిమ్మల్ని ఎందుకు రమ్మన్ననో కూడ చెప్త. ముందుగాల చాయ్ చెప్పుండ్రి, తాగుకుంట వినుండ్రి.

అత్వెల్లిల మా యువజన సంఘం రేకుల షెడ్డు మీరు చూసిండ్రు. ఊళ్లె రెండు రోడ్లు కలిసే మూలమీది నా ప్లాటు, గా కార్నర్ బిట్టుల ఉన్నదే. సాయంత్రమైతే అండ్ల బడిపిల్లలు చదువుకుంటరు. ఇంటర్ తప్పి ఊకె తిరిగే పోరగాళ్లకు కంప్యూటర్ నేర్పాలని కూడ మా ఆశ. ఆశ ఉన్నది గని కంప్యూటర్ లేదు, వానొస్తే షెడ్డు కురుస్తది. చదువు చెప్పే పద్మ టీచర్ భీమవరం దిక్కు ఆమె, కొత్త కాలనీల ఉంటది. సిటీల ఒక ఫౌండేషన్ చుట్టూ తిరిగీ తిరిగీ ఆఖరుకు వాళ్లను ఒప్పిచ్చింది.

"శేఖర్ గారూ, శనివారం సాయంత్రం వాళ్లు చూడ్డానికొస్తున్నారండి. నచ్చితే గ్రాంటు. నచ్చకపోతే ఈ వానలతో మన సెంటరు మూతే. మీరు మెయిన్ రోడ్డు దగ్గర నిలబడి తీసుకురండి చాలు, ఏమీ మాట్లాడకండి" అన్నది. ఆ ఆఖరు మాట నేను చెవుల ఏసుకోలే.

ఇస్త్రీ అంగీ ఏస్కొని మెయిన్ రోడ్డు మీద నిలబడ్డ. ఫౌండేషనోళ్లంటే జీపు, జీపుకు బోర్డు, మెడల కెమెరాలేసుకున్న నలుగురు దిగుతరని నా మనసుల ఉన్నది. గంతల ఒక తెల్లకారు ఆగింది. నూలు చీర కట్టుకున్న పెద్దామె ఒక్కతే దిగి, "శేఖర్ గారంటే మీరేనా? చుట్టుపక్కల ఒకసారి చూపిస్తారా?" అన్నది.

మీరే చెప్పుండ్రి. రింగు రోడ్డు మాట పుట్టినకాంచి మన దిక్కు కారు దిగి చుట్టుపక్కల చూసేటోళ్లు ఎందుకొస్తున్నరు? ప్లాట్లకే గదా. ప్లాట్లు అమ్మిపెట్టేటోడెవరంటే అందరు నా పేరే చెప్తరు. జీపు వచ్చేలోపు ఒక పార్టీని తిప్పొచ్చని జల్దీ కారెక్కిన.

ఆమె అడిగేటియే నాకు సమజ్ కాలే. ప్లాటు కొనేటోళ్లు బోరెంత లోతు, లింకు డాక్యుమెంట్లున్నయా అని అడుగుతరు. ఈమె "ఇక్కడి పిల్లలు పదో తరగతి అయ్యాక ఏం చేస్తారు?" అన్నది. ఇంకొంచెం ముందుకు పోయినంక "చీకటిపడ్డాక ఆడపిల్లలు భయం లేకుండా నడిచి ఇంటికెళ్తారా?" అన్నది. ఏంది గీమె కత అని నాకు ఒకటే ఆరాటం. పొలాల దాక పోయి మళ్లినంక గప్పుడు జవాబు దొరికింది. ఈమె ప్రైవేటు స్కూలు పెట్టనీకి వచ్చింది. కండ్లకోయల కాలేజీలు లేసినట్టు మా ఊళ్లె స్కూలు లేస్తది, నా కార్నర్ బిట్టుకు ఇగ తిరుగుండది.

ఇగ నేను ఆగుతనా. కారు షెడ్డు ముంగట ఆపిచ్చిన. "మేడం, మస్తు జాగ. రెండు దిక్కుల రోడ్డు, బోరు ఎన్నడు ఎండలే. పిల్లలు నడుసుకుంటనే వస్తరు. గిసొంటి జాగ మీకు మేడ్చల్ దాక దొరకది" అన్న.

ఆమె షెడ్డు దిక్కు చూసింది. "మరి అదేంటి?"

స్కూలు పెట్టేటామెకు పోటీ ఉన్నదని ఎవరన్న చెప్తరా. "అదా, లెక్కల పెట్టకుండ్రి మేడం. ఊకె టైంపాస్‌కు పెట్టినం. మీరు ఊఁ అంటే వారంల ఎత్తేస్త" అన్న.

షెడ్డు తలుపు తెరిచే ఉన్నది. తలుపు కాడ పద్మ టీచర్, ఆమె ఎనుక పిల్లలు, పిల్లల చేతుల బంతిపూలు. టీచర్ మొఖంల నెత్తురు సుక్క లేదు. "నమస్కారమండీ మేడం. ఫౌండేషన్ నుంచి మీరొక్కరే వచ్చారా?" అన్నది.

జీపు ఇగ రాదని నాకు సమజైంది. ఎనిమిది చదివే సుజాత ముందుకొచ్చి, "నిజంగ ఎత్తేస్తవా అన్నా? ఇంట్ల మా బాపు జల్దీ లైటు తీసేస్తడు. నేనేడ సదువుకోవాలె?" అన్నది. పరాచికం గాదు, నిజంగనే అడుగుతాంది. గప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఎత్తేసేది రేకులు బిడ్డా, స్లాబ్ ఏస్తం" అన్న.

మేడం నవ్వింది. "మీరు నన్ను ఎవరనుకున్నారో కారెక్కగానే అర్థమైంది శేఖర్ గారూ. ఎంత దూరం వెళ్తారో చూద్దామని ఊరుకున్నాను. స్లాబుకీ పుస్తకాలకీ మేం ఇవ్వగలం. కానీ రేపు మంచి బేరమొస్తే ఈ జాగా అమ్మేయరని ఏమిటి నమ్మకం? ఇలాంటిది మేడ్చల్ దాకా దొరకదని మీరే అన్నారు కదా."

పిల్లలందరు నా దిక్కే చూస్తున్నరు. పద్మ టీచర్ రెప్ప కూడ ఏస్తలేదు. "సంఘం పేరు మీద రాసిస్త మేడం" అని నా నోట్లకెళ్లి వచ్చింది. ఎట్ల వచ్చిందో ఇప్పటికీ తెల్వది. మా నాయినకు చెప్తే, "కొనేటోడు లేకుంటనే బేరం తెంపుకొచ్చినవ్ గదరా" అని అన్నం కాడికెళ్లి లేసిపోయిండు.

ఇన్నేండ్ల ధంధాల ఒక్క పూటల తెగిన బేరం నాకు గదొక్కటే. ఇగ లేవుండ్రి, రిజిస్ట్రేషన్‌కు ఆఫీసులకెళ్లి పిలుస్తున్నరు. సాక్షి సంతకాలకే మిమ్మల్ని పిలిచిన. చాయ్ పైసలు కూడ మీరే ఇయ్యుండ్రి. ఇంకో గంటయితే నేను కార్నర్ బిట్టు లేనోన్ని.