మనవరాలి చదువుకి వల వేసి చూశాం

రాసుకో. ముందు ఆ నవ్వు ఆపు, నవ్వుతూ రాస్తే అక్షరాలు వంకరపోతాయి. ఇది నీ సంగతే కాబట్టి సిగ్గేస్తే వేయనీ, ఒక్క ముక్క కూడా కొట్టేయకు.

నీ ఇంటర్ అయిపోయిన వేసవి అది. మెడికల్ అసిస్టెంట్ కోర్సు చదువుతానన్నావు. రెండేళ్ళ చదువు. డాక్టరు పక్కన ఉండి బీపీ చూడటం, రక్తం తీయడం, ఈసీజీ తీయడం, వచ్చినవాళ్ళ వివరాలు కంప్యూటరులో ఎక్కించడం నేర్పుతారట. మీ నాన్న అన్నం ముందు కూర్చుని ఒక్కటే అడిగాడు.

“ఎంత పెట్టాలి, ఎంత వస్తుంది?”

కొల్లేటి పక్కన చేపల చెరువు లీజుకి చేసేవాడు ఇంకేం అడుగుతాడు. మీ అమ్మని చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా వాళ్ళ చెరువు లోతెంతో కనుక్కుని వచ్చాడు, పిల్ల పేరు అడగడం మర్చిపోయి.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ఉందని ఎవరో చెబితే చూసొస్తానని వెళ్ళాడు. సాయంత్రానికి వెలిగిపోతూ వచ్చాడు, చేతిలో రంగుల పుస్తకంతో.

“అమ్మా, ఊరికే నమ్మి రాలేదు. అక్కడ చదివి ఉద్యోగాలు చేస్తున్న ముగ్గురు పిల్లలతో మాట్లాడాను. ముగ్గురికీ పాతిక వేల పైనే జీతం. లక్షన్నర పెడితే ఆర్నెల్లలో తిరిగి వచ్చేస్తుంది.”

“ఆ పిల్లలు నీకెక్కడ దొరికార్రా?”

“కాలేజీ ఆఫీసులోనే. వాళ్ళే పిలిపించారు. కాఫీ కూడా ఇచ్చారు.”

వాడికి కూర వడ్డిస్తున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే ఆగాను. చెరువులో చేప ఎంత ఎదిగిందో తెలియాలంటే విసురువల వేసి, పడినవాటిని తూచి చూస్తాం కదా. మేత సంచులు కట్టిన కర్రల దగ్గర ఎప్పుడూ బలిసిన చేపలే తిరుగుతాయి, చిన్నవాటిని దగ్గరికి రానివ్వవు. అక్కడ వల వేసి చూసుకున్నవాడు చెరువంతా అలాగే ఉందనుకుని, చేపలు పట్టి అమ్మే రోజున తల పట్టుకుంటాడు. అందుకే మూలమూలకీ వెళ్ళి వేయాలి. ఇది మీ నాన్నకి నేను చెప్పాలా? పనివాళ్ళు ఆ పొరపాటు చేస్తే గట్టు మీంచే తిట్టే మనిషి.

“ఏరా, మేత సంచి దగ్గర వల వేసొచ్చావా?” అన్నాను.

మీ నాన్న నోటిదాకా వెళ్ళిన ముద్ద కంచంలోకి దిగిపోయింది. మీ అమ్మ నవ్వు కనపడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు నువ్వూ నేనూ ఏలూరు బస్సెక్కాం. నాకు మోకాళ్ళ నొప్పి ఎలాగూ ఉంది కాబట్టి అబద్ధం ఆడక్కర్లేదు. ఒక చిన్న ఆసుపత్రిలో చీటీ రాయించుకుని కూర్చున్నాను. నీకన్నా కాస్త పెద్దపిల్ల ఒకతి వచ్చి నా చేతికి బీపీ పట్టీ చుట్టింది.

“అమ్మాయ్, తాడేపల్లిగూడెం కాలేజీలో ఈ చదువు చదివితే ఎంత ఇస్తారేంటి?”

“మామ్మగారూ, మాట్లాడితే బీపీ ఎక్కువ చూపిస్తుందండీ.”

“చూపించనీ. చెప్పు.”

ఆ పిల్ల డాక్టరు గది వైపు చూసి గొంతు తగ్గించింది. “చేరినప్పుడు తొమ్మిది వేలండీ. ఇప్పుడు పన్నెండు. రక్తం తీయడంలో చెయ్యి తిరిగితే ల్యాబుల్లో ఇంకొంచెం ఇస్తారు. ఏ కాలేజీలో చదివినా మొదటి జీతం అంతేనండీ. నేను ఈ ఊళ్ళోనే చదివాను, గూడెందాంట్లో సగం ఫీజు కూడా లేదు.”

“మరి పాతిక వేలు వచ్చేవాళ్ళు లేరా?”

“లేకేమండీ, మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉంది. హైదరాబాదులో. గది అద్దెకే సగం పోతుందంటుంది.”

ఇంకో రెండు ఆసుపత్రులు తిరిగాం. మూడు చోట్లా నా బీపీ మూడు రకాలుగా ఉంది గానీ, జీతాలు మాత్రం ఒకేలా ఉన్నాయి.

ఇంటికొచ్చి చెప్పేసరికి మీ నాన్న ఒక్కసారిగా అడ్డం తిరిగాడు. “పన్నెండు వేలా? చెరువు కాపలాకే అంతకన్నా ఎక్కువిస్తున్నాను. ఈ చదువొద్దు, డిగ్రీలో చేరిపో.”

నీ మొహం చూడలేకపోయాను. ఉన్నమాట కనుక్కొస్తే అదే నీ చదువుకి ఎసరు పెట్టింది. నేను నోరు తెరిచేలోపే నువ్వు అందుకున్నావు.

“నాన్నా, చేపపిల్లని వదిలిన నెలకే పట్టి అమ్మేస్తే మీకెంతొస్తుంది?”

“నెలకే ఎవడమ్ముతాడే?”

“మరి నా మొదటి జీతాలు చూసే తీసిపారేస్తున్నారేంటి?”

మీ నాన్న నీ వైపు తిరిగి అన్నాడు, “చేప ఎదుగుతుందని నాకు తెలుసు. ఈ ఉద్యోగం ఎదుగుతుందో లేదో ఎవరు చెప్తారు?”

ఆ మాట పట్టుకునే సోమవారం ముగ్గురం ఆ బీపీ చూసిన పిల్ల చదివిన ఏలూరు కాలేజీకి వెళ్ళాం. ఆఫీసులో ఆయన రంగుల పుస్తకం ఇవ్వబోతే మీ నాన్న చేత్తో పక్కకి జరిపాడు.

“ఏవండీ, ఇక్కడ చదివి ఉద్యోగం మానేసినవాళ్ళెవరైనా ఉంటే మాట్లాడించండి.”

ఆయన సర్వీసులో ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. కాసేపు మీ నాన్నని చూసి, ఒకామెకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. ఆవిడ కాన్పుకి ముందు మానేసిందట.

“ఎందుకు చదివానా అనిపించిందా అమ్మా?” అని అడిగాడు మీ నాన్న.

“జీతం చూసినప్పుడు అనిపించేదండీ. అద్దెకీ బియ్యానికీ సరిపోయేది, అంతే. మా బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు కదాని మొన్న పాత ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నా, మానేసినప్పటి జీతం మీద ఇంకో రెండు వేలు వేసి రమ్మన్నారండీ. వచ్చే నెల్లో చేరుతున్నాను.”

మీ నాన్న ఫోన్ తిరిగిచ్చి, జేబులోంచి డబ్బు తీసి మొదటి వాయిదా కట్టేశాడు. లాభమో నష్టమో ఒక్క మాట అనలేదు. బయటికొచ్చాక మాత్రం బస్టాండుకి ఆటో అతను ఎనభై అడిగితే అరవైకి రమ్మని పట్టుకూర్చున్నాడు. నువ్వు ఫీజు రసీదు రెండు చేతులతో పట్టుకుని, మేమెవరో తెలియనట్టు నాలుగడుగులు అవతల నిలబడ్డావు.