కుడితి కుండలో వంక దాటిన గంజి

గంజవ్వ పోయిందని నాకు చెప్పింది మా ఊరి బండి మనిషి. కర్నూలులో నేను పనిచేసే మండీకి శనక్కాయల బస్తాలు తోలుకొచ్చాడు. బస్తాలు దించి, ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చి, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ అన్నాడు.

"గంజవ్వ పాయె గదప్పా. నీకు తెల్దా?"

తెలియదన్నాను.

"అట్లెట్లప్పా? నెల దినాలుగా మీ అక్క ఆడనే ఉండి సూసుకుంటాండె గదా. కడాసారి నీళ్లు పోసింది గూడా ఆయమ్మే."

మనిషి పోయిన వార్త వింటే ముందు దుఃఖం రావాలి. నాకు ముందు వచ్చింది అది కాదు. మా అక్క నెల రోజులు ఇల్లు విడిచి, కమలాపురం దగ్గర ఏదో పల్లెలో పరాయి ముసలామెకు సేవ చేసింది. తోడబుట్టిన నాకు ఒక కార్డు ముక్క కూడా రాయించలేదు. అదే ముల్లులా గుచ్చుకుంది. ఆ ముసలామె బతికున్నన్నాళ్లూ నా సంగతి అంతే. ఆమె మీద అసూయ పడకుండా నేను గడిపిన రోజులు తక్కువ. ఆమెను తలుచుకుని రాసే ఈ నాలుగు మాటల్లో అది దాచిపెడితే చెప్పడానికి ఇంకేమీ మిగలదు. అందుకే ముందే చెప్తున్నాను.

కొన్నేళ్ల కిందటి కరువులో ఆదోని వైపు పల్లెల్లో గంజి కేంద్రాలు పెట్టారు. బావుల్లో అడుగు బండ బయటపడి, చెట్ల ఆకులు కూడా పశువులకు దొరకని కాలం. మూతబడ్డ పత్తి జిన్నింగు మిల్లు రేకుల షెడ్డులో రెండు గంగాళాలు పెట్టి, జొన్న నూక, రాగి పిండి కలిపి కాచేవాళ్లం. నేను గుమాస్తాను. ఆమె వంటమనిషి. కాగితం మీద ఆమె నా కింద పనిచేసేది.

నేను బడికి పోయింది రెండేళ్లు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా అంగట్లో బెల్లం, చింతపండు చుట్టి ఇచ్చిన కాగితాలు విప్పి చదువుకుని నేర్చుకున్నదే. అందుకే నా చేతిరాత అంటే నాకు గర్వం. రోజూ పొద్దున వరుస ముందు నిలబడి ఊరు, ఇంటిపేరు, పేరు గట్టిగా చదివేవాణ్ణి. పలికినవాళ్లే ముందుకు రావాలి. ఒకరే రెండుసార్లు రాకుండా పైవాళ్లు పెట్టిన పద్ధతి అది. నా పుస్తకంలో ఒక్క పేరూ రెండుసార్లు పడలేదు.

గంజవ్వకు అక్షరం ముక్క రాదు. గరిటె పట్టుకుని తల వంచుకుని కూర్చునేది. వచ్చినవాళ్ల మొహం చూసేది కాదు. కాళ్లు చూసేది. మొదట్లో నాకది పొగరనిపించింది. ఒకరోజు అడిగాను.

"మొగం సూస్తే గంజికొచ్చినోళ్లు సిగ్గుతో సస్తారప్పా," అంది. "అయినా మొగం అబద్దం సెప్తాది. కాళ్లు సెప్పవు."

కాళ్లు ఉబ్బినవాళ్లు వస్తే మోకాటి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసేది. వేలు తీశాక పల్లం అట్లాగే నిలిచిపోతే వాళ్లను పక్కన కూర్చోబెట్టేది. అందరికీ చిక్కటి గంజి, వీళ్లకు మాత్రం పైన తేలిన తేట. అదీ చిన్న ముంతతో, ఆగి ఆగి. వాళ్లకు కోపం వచ్చేది. "ఆకలని వస్తే నీళ్లు పోస్తాండావేందవ్వా, నీ సొమ్మా?" అని తిట్టేవాళ్లు.

"బీడుకు ఒక్క తూరే కాలవ దిప్పితే మన్నంతా కొట్టకపోతాది. మొదులు తడి సూపియ్యాల," అనేది.

నాలుగు రోజులకు తిట్టినవాళ్లే ఆమె పక్కన చేరి పొయ్యిలోకి కంప తోస్తూ కూర్చునేవాళ్లు. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. దగ్గర్లో ఇంకో కేంద్రం ఉన్నా మైళ్లు నడిచి మా షెడ్డుకే వచ్చేవాళ్లు. పేరు చదివేది నేను, వాళ్లు చూసేది ఆమె వైపు. నన్ను ఆమె లెక్కలప్పా అని పిలిచేది. "లెక్కలప్పా, పొద్దున్నుంచి ఇంతమంది పేర్లు మింగినాదే నీ పుస్తకం, దానికింకా ఆకలి తీరలేదా?" అంటే వరుసంతా నవ్వేది. నేను నవ్వలేదు.

పాలపొడి డబ్బాలు వచ్చినప్పుడు జనం సున్నమనుకుని దూరంగా నిలబడ్డారు. కేంద్రాల తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే నేను కొలిచి, నీళ్లలో కలిపి పిల్లలకు తాగించాను. సాయంత్రానికి సగం మందికి విరేచనాలు. గంజవ్వ నన్నేమీ అనలేదు. మరుసటి రోజు పాలు కాచి, ఎవరింట్లోంచో తోడు తెచ్చి పెరుగు చేసింది. దాన్ని చిలికి, ఆ మజ్జిగ చల్లారిన గంజిలో కలిపింది. ఒక్క బిడ్డకూ కడుపు చెడలేదు. తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్టరు అది నా ఉపాయమనుకుని తనిఖీ పుస్తకంలో నన్ను మెచ్చుకుంటూ రాసిపోయాడు. నేను కాదనలేదు. పైగా ఆ ముక్క ఆమెకు చదివి వినిపించాను. ఆమె మొహం మాడుతుందేమో చూడాలనిపించింది కాబోలు.

"మంచి మాటే రాసినాడు. మజ్జిగకు పేరెందుకప్పా? కంప తీసకరా పో," అంది.

తనది ఇంకొకరు ఎత్తుకుపోయినా నొచ్చుకోని మనిషి మీద అసూయ పడటం చాలా కష్టమైన పని. అయినా నేను మానలేదు.

మధ్యాహ్నం గంజి పోయడం అయ్యాక గంగాళాలు కడిగిన నీళ్లు కుడితి కుండలో పోసి ఎవరి పశువులకైనా పంపవచ్చు. దానికి పైవాళ్ల అభ్యంతరం లేదు. ఒక కూలి ముసలామె ఆ కుండ నెత్తిన పెట్టుకుని ఎండిన వంక దాటి అవతలి ఊరికి పోయేది. ఒకరోజు కుండ మీద కప్పిన ఆకుల సందులోంచి ఆవిరి లేవడం చూశాను. కడుగునీళ్లకు ఆవిరి రాదు.

నాకు సంతోషమైంది. ఇన్నాళ్లకు ఆమె తప్పు ఒకటి దొరికింది. చప్పుడు కాకుండా చెప్పులు చేతబట్టుకుని, కాలే ఇసుకలో ఆ కుండ వెనకే నడిచాను.

కుండ మా అక్క ఇంటి పెరటి వాకిట్లో దిగింది.

అక్కను ఇచ్చింది ఆ ఊళ్లో పేరున్న రైతు ఇంట్లో. బావ పశువులను తోలుకుని మేత కోసం తుంగభద్ర వైపు పోయి చాలా నెలలైంది. ఇంట్లో అక్క, ఆమె అత్త, పదేళ్ల కూతురు. అంతకు నెల ముందు నేను పోతే, వాకిట్లోనే నిలబెట్టి, "మాకేం తక్కువరా, గాదె నిండా ఉండాది," అంది. నమ్మాను. నమ్మితే నాకు సులభం గనుక నమ్మాను.

ఇప్పుడు కొట్టంలో ఒక్క దూడ కూడా లేదు. ముగ్గురూ ఆ కుండ చుట్టూ కూర్చున్నారు. మేనకోడలి పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. నన్ను చూసి అత్త కొంగు మొహం మీదికి లాక్కుంది.

"నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"నీకు సెప్తే పేరు రాస్తావు. రాస్తే పొద్దున్నే సదువుతావు."

"మరి ఆయమ్మకెట్లా చెప్పినావు?"

"నేనేం సెప్పలేదురా. వంకలో చెలమ కాడికి నీళ్లకు పోయింటి. నా కాళ్లు సూసింది. ఏం అడగలేదు. మర్నాటి నుంచి కుండ వస్తాండాది. నాలుగు దినాలాయె."

ఇంకెవరైనా అయితే అక్కడే తల దించుకుని, గంజవ్వకు మనసులో దండం పెట్టుకునేవారు. నేను ఇంటికి పోయి నా దగ్గరున్న జొన్నపిండి, రాగిపిండి, శనక్కాయలు మూటగట్టుకుని వచ్చాను. ఆమె పల్చటి గంజి పంపింది, నేను ముద్ద పెట్టాలి. నా బుద్ధి అంతవరకే పోయింది.

"అవ్వ ఇప్పుడే గట్టిది వద్దని కుండ తెచ్చినామెతో సెప్పి పంపినాదిరా," అని అక్క నసిగింది.

"ఆయమ్మేమన్నా డాక్టరా?" అన్నాను.

సంగటి కెలికించి, శనక్కాయల చట్నీ నూరించి, పిల్ల పక్కన కూర్చుని తినిపించాను. చాలంటే ఇంకో ముద్ద పెట్టాను. పిల్ల నన్ను చూసి నవ్వింది. అంత తృప్తిగా నేను ఎవరికీ అన్నం పెట్టలేదు.

పొద్దు గుంకేలోపల పిల్ల కడుపు బిగుసుకుంది. వాంతులు, ఆయాసం. తర్వాత కళ్లు తేలేసింది. అక్క నా వైపు చూడలేదు. నన్ను పొమ్మని కూడా అనలేదు. తనే ఆ వాచిన కాళ్లతో వంకలో పడి పరుగెత్తి గంజవ్వను పిలుచుకొచ్చింది.

గంజవ్వ లోపలికి వచ్చి సంగటి కుండ చూసింది, తెడ్డు చూసింది, నా మూటగుడ్డ చూసింది. అత్త నా మీద పడబోయింది. "ఈ సంగటే అవ్వా, ఈ మహానుభావుడు తెచ్చి..."

"సంగటి గాదులేమ్మా," అంది గంజవ్వ. "మిట్టమద్యానం ఎండలో ఆ చెలమ నీళ్లు తాగింటాది. అందుకే."

పిల్లను ఒళ్లో వాలుగా పడుకోబెట్టుకుని, ఉప్పు వేసిన గంజి తేటలో గుడ్డ పేలిక ముంచి, పెదాల మీద చుక్క చుక్కగా పిండుతూ కూర్చుంది. నాతో ఒక్కటే మాట అంది. "రేపు గంజి నువ్వే కాయాల. నేను ఈడ ఉండాల."

మరుసటి రోజు పేర్లు చదివి, పుస్తకం మూసి, గరిటె నేనే పట్టుకున్నాను. "లెక్కలప్పా, ఉప్పు పేరు సదవడం మర్సినట్లుండావే," అన్నాడు మొదట తాగినవాడు. ఉప్పు వేశాను. అందరికీ అంచుదాకా నిండుగా పోస్తున్నాను. ఆమె కంటే నేనే ఎక్కువ పోస్తున్నానని వాళ్లకు తెలియాలని కూడా ఉంది. ఒక ముసలాయన గిన్నె వెనక్కు లాక్కున్నాడు.

"సాలప్పా. అంత పోస్తే కుండలోకెట్లా?"

"ఏ కుండ?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఏమప్పా, తెల్వనట్ల అడుగుతాండావు. మీ అక్కోళ్లకు పోయే కుండ."

ఆయన వెనకవాళ్లూ అంతే. తలా ఒక గుక్క ముందే గిన్నె పక్కకు తీశారు. ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు. ఆమె వాళ్లను అడిగిందో, వాళ్లే ఆమెతో అన్నారో నాకు ఈనాటికీ తెలియదు. తమకే కడుపు నిండని మనుషులు ఒక పెద్దింటి పరువు కోసం రోజూ ఒక గుక్క వదులుకుంటున్నారు. ఆ వరుసలో అక్క ఆకలి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ మధ్యాహ్నం కుండ నింపి, నేనే నెత్తిన పెట్టుకుని వంక దాటాను. పిల్ల కళ్లు తెరిచి ఉంది. గంజవ్వ దాని తల నిమురుతూ గోడకు ఆనుకుని కూర్చుంది. అక్క కుండ దించుకుంటూ, "అవ్వ సెప్పి పంపినాదా నీకు?" అంది.

అవునన్నాను. గంజవ్వ ఆ మాట విన్నది. తను చెప్పలేదని ఆమెకు తెలుసు. నన్నొకసారి చూసి ఊరుకుంది. ఆ ఒక్కసారే ఆమె నా మొహం చూడటం నేను ఎరుగుదును.

పిల్ల బతికింది. తేట నుంచి పల్చటి గంజికి, పల్చన నుంచి చిక్కనకు, రెండు వారాలకు గానీ ముద్ద ముట్టనివ్వలేదు గంజవ్వ. వానలొచ్చాక కేంద్రం మూసేశారు. బావ మిగిలిన పశువులతో తిరిగొచ్చాడు. గంజవ్వ మాత్రం ఇంకొన్నేళ్లు అక్క వాళ్ల ఊళ్లోనే ఒక కొట్టంలో ఉండిపోయింది. అక్కకు బావతో మాట వచ్చినా, పొలంలో పంట పోయినా, పోయి చెప్పుకునేది ఆమెకే. పండగకు నేను పోతే "బాగుండామురా" అనేది. పోయినేడు మేనకోడలి పెళ్లిలో పీటల మీదికి తోడుకొచ్చిన మేనమామను నేను. పిల్ల ముందుగా మొక్కింది గంజవ్వ కాళ్లకు. తర్వాత నాకు. న్యాయమే. అయినా ఆ పూట అన్నం సయించలేదు.

మీలో ఎవరైనా ఆ షెడ్డులో ఆమె చేతి గంజి తాగి ఉంటే, ఆమె రుణం మీకు నాకంటే బాగా తెలుసు. నా బుద్ధితక్కువతో పోవాల్సిన ప్రాణాన్ని ఆమె నిలబెట్టింది. నా తప్పును చెలమ నీళ్ల మీదికి నెట్టి, ఆ ఇంట్లో నాకింత చోటు మిగిల్చింది. ఈ మాట ఆమె ఉండగా ఆమెతో అని ఉండవచ్చు. అనలేదు.

చివరి రోజుల్లో చెల్లెలి కొడుకు వచ్చి ఆమెను కమలాపురం వైపు తన పల్లెకు తీసుకుపోయాడట. పదకొండో రోజుకు నేనూ రైలెక్కి పోయాను. అక్క చూసి "వచ్చినావా" అంది. ఆ ఇంటి ఆడమనిషి ఒకామె నీళ్ల చెంబు ఇస్తూ, "నువ్వేమైతావప్పా అవ్వకు?" అని అడిగింది. "ఆయమ్మ కింద పని చేసినా," అన్నాను. అక్క తల తిప్పి చూసింది.

సాయంత్రం అక్కా నేనూ స్టేషను వైపు పోయే బస్సు కోసం రోడ్డు పక్కన మైలురాయి దగ్గర కూర్చున్నాం.

"రేయ్," అంది అక్క. "మీ బావ దగ్గుతాండాడు. మూడు నెలలాయె. ఆస్పత్రికి పోదామంటే కసురుకుంటాడు. పాపకు నెల తప్పింది. వాళ్లత్త పురిటికి పంపనంటాండాదంట. యాడ సెప్పుకోవాల్నో తెల్వడం లేదురా."

ఆ మాటలు నాకోసం దాచుకున్నవి కావని నాకు తెలుసు. ఇన్నేళ్లూ వాటిని వినే మనిషి వేరే. ఆ మనిషి లేక అవి నా దాకా వచ్చాయి. ఆమె ఉంటే ఈ పూట కూడా అక్క నాతో "బాగుండామురా" అనే ఉండేది. అది తెలిసి లోపల మళ్లీ మండింది. అయినా కదలకుండా కూర్చున్నాను.

దూరంగా దుమ్ము లేపుకుంటూ బస్సు కనిపించింది. ఆ పొద్దుకు అదే ఆఖరిది. అక్క బావ దగ్గు గురించి, రాత్రిళ్లు తను లేచి కూర్చోవడం గురించి చెప్తూనే ఉంది. బస్సు దగ్గరికొచ్చింది. నేను చెయ్యెత్తలేదు. డ్రైవరు ఒకసారి మా వైపు చూసి, ఆపకుండా పోయాడు. లేచిన దుమ్ము మా ఇద్దరి మీదికి మెల్లగా దిగింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దుమ్ము కాస్త అణగగానే, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టింది.