ఊఁ కొట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు

పోయిన మంగళవారం మధ్యాహ్నం, బాపట్లలో మా ఎరువుల కొట్టు ముందు బస్తాలు దింపిస్తుండగా మా ఆవిడ ఫోను చేసింది. "ఏవండీ, సిస్టరు గారు పోయారంట" అంది. గుండెపోటట. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారట.

ఆవిడ మాకు చుట్టం కాదు. తెనాలిలో ఒక నర్సింగ్‌హోములో ముప్పయ్యేళ్ళు పనిచేసిన పెద్ద సిస్టరు. మొదటిసారి చూసిన రోజున ఆవిడ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ సంగతి దాచుకుని ఆవిడ్ని పొగడటం నాకు చేతకాదు. అందుకే అక్కణ్ణించే మొదలుపెడుతున్నాను.

అప్పటికి మా పాపకి ఎనిమిది నెలలు. సిజేరియన్ కుట్లు చీము పట్టి మా ఆవిడ నెలన్నర మంచం దిగలేదు. పాపని ఎవరి సాయం లేకుండా ఎత్తుకోవడం అప్పుడప్పుడే మొదలుపెట్టింది. అంతలో మళ్ళీ నెల తప్పింది. నేను సంబరపడిపోయి పిట్టలవానిపాలెంలో ఉన్న మా అమ్మకి ఫోను చేశాను. ఈసారి మగపిల్లాడేనని అమ్మ వీధంతా చెప్పుకుంది.

"నాకొద్దండి" అంది మా ఆవిడ, వంటింట్లో నా వైపు తిరక్కుండానే. "నా ఒళ్ళు నాకింకా తిరిగి రాలేదు."

"అదే సర్దుకుంటుందిలే" అన్నాను.

మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అదే మాటన్నాను. నాలుగోసారి చెప్పలేదు. "రేపు తెనాలి వెళ్తున్నా, ఆస్పత్రికి. వస్తే రండి" అంది. వెళ్ళాను. ఆపడానికే వెళ్ళాను.

బల్ల వెనక కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని ఒక యాభై ఏళ్ళావిడ రిజిస్టరు రాస్తోంది. సిస్టరు గారు ఆవిడే. "పేరేంటమ్మా?" అంది. నేను చెప్పాను. "మిమ్మల్ని కాదండి" అంది తలెత్తకుండా. వయసెంత అంది. మళ్ళీ నేనే చెప్పాను. పెన్ను కింద పెట్టింది.

"బాబూ, మీకేమన్నా ఒంట్లో బాగాలేదా?"

"లేదు, నాకేంటి?"

"అయితే కూర్చోండి."

పక్కన ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆవిడ మా ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి తలుపు వేయబోతుంటే సందులో కాలు పెట్టాను.

"నేను మొగుణ్ణి. నేను సంతకం పెట్టను. పెట్టకుండా ఎట్లా చేస్తారో చూస్తా."

"మీ సంతకం ఎవరడిగారండీ?"

"నా పెళ్ళాం, నా ఇష్టం!"

"కాలు తీయండి."

ఆవిడ గొంతు పెంచలేదు. నేనే పెంచాను. ఆవిడ పుట్టుక గురించీ, బతుకు గురించీ అన్న మాటలు ఇక్కడ రాయలేను. లోపలున్న డాక్టరమ్మ కంగారుపడింది. "సిస్టర్, వాళ్ళాయన ఒప్పుకోకపోతే రేపు మనకి గొడవ..."

"చట్టం అడిగింది ఆవిడ సంతకమే గదండీ" అన్నారు సిస్టరు గారు. "ముందు ఆవిడేమంటుందో విందాం. ఉంచుకుంటానంటే ఉంచుకుంటుంది, వద్దంటే వద్దు. ఈ బాబు ఎదురుగా అడిగితే దేనికైనా ఊఁ కొడుతుంది. ఊఁ కొట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు."

అప్పుడు మా ఆవిడ వెనక్కి తిరిగింది. నా మొహం చూడలేదు. తలుపు సందులో ఉన్న నా కాలు చూసింది. నన్ను చూసి ఆవిడ భయపడుతోందని పెళ్ళయిన మూడేళ్ళలో నాకు తెలిసింది ఆ క్షణంలోనే. కాలు తీశాను.

బయట బెంచీ మీద నా పక్కన పెనుమూడి రైతొకాయన కూర్చున్నాడు. ఆయన భార్యని అప్పటికే పక్క గదిలో కూర్చోబెట్టారు. ఇద్దరు ఆడపిల్లలట. "ఎక్కడో స్కానింగు తీయించాం తమ్ముడూ, ఇదీ ఆడపిల్లేనంట. తీయించేద్దామని" అన్నాడు, పొలంలో కలుపు సంగతి చెప్పినట్టు.

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడేమంటోంది?"

"దాన్ని అడిగేదేంటి?"

"మోసేది ఆవిడ గదన్నా, అడగాలిగా!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వచ్చాక కూడా నాకేమీ తట్టలేదు. ఆయన దుర్మార్గుడనీ, నేను వేరనీ అనుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి సిస్టరు గారు బయటికొచ్చి ఆయన ముందు నిలబడ్డారు. "మీ ఆవిడ బిడ్డని ఉంచుకుంటానంటోంది. మేం చేయం. ఇంకెక్కడికన్నా లాక్కెళ్ళారంటే, పరీక్ష చేయించిన సంగతి నేనే పోలీసులకి చెప్తా."

ఆయన దిగ్గున లేచాడు. "నా పెళ్ళాం, నా ఇష్టం!"

గోడలు అదిరాయి. అవే మాటలు, అదే గొంతు. సిస్టరు గారు ఆయన్ని చూడలేదు, నన్ను చూశారు. నేను తల దించుకున్నాను.

ఆ రైతు కాళ్ళు నేలకేసి కొడుతూ వెళ్ళిపోయాడు. సిస్టరు గారు ఆయన భార్యని వెంట పంపకుండా, ఆమె అన్నయ్యకి ఫోను చేయించి, అతనొచ్చేదాకా తన గదిలోనే కూర్చోబెట్టుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"మీ ఆవిడ వద్దనుకుంది. మీ అనుమతి కోసం పిలవలేదు బాబూ. ఇంటికెళ్ళాక ఆవిడకి వేడిగా అన్నం పెట్టే మనిషి కావాలి. పెడతారా?"

"పెడతానండి" అన్నాను. పెట్టాను కూడా, మూతి ముడుచుకునే. కోపం ఒక్క రోజులో పోలేదు. మా అమ్మకి 'నిలబడలేదు' అని చెప్దామనుకున్నాను. మా ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని, "నేనే వద్దనుకున్నానండి అత్తయ్యా" అంది. ఏడాది పాటు అమ్మ మా గడప తొక్కలేదు. ఆ ఏడాదంతా సిస్టరు గారు అప్పుడప్పుడూ ఫోను చేసేవారు. నేనెత్తితే ఒకటే ప్రశ్న: "అన్నం పెడుతున్నారా?"

అలా మొదలైన పలకరింపు రేపల్లెలో వాళ్ళింటికి వెళ్ళేదాకా వచ్చింది. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. వెళ్ళినప్పుడల్లా తమ్ముడి పడవలో వచ్చిన రొయ్యలు ఎండబెట్టి పొట్లం కట్టిచ్చేవారు. ఇంట్లో కూడా టీ తాగేముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేవారు. మా పాపని ముద్దు పెట్టుకోవాలన్నా, "పెట్టుకోనా?" అని అడిగేవారు. ఒక్కోసారి పాప వద్దనేది. "సరే తల్లీ" అని ఊరుకునేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు నన్ను చూస్తే మీకు భయం వేయలేదా అండీ?"

"ఎందుకు వేయలేదూ! కాళ్ళు వణికినయ్యి. అయినా, లోపలున్న పిల్లకి నాకంటే ఎక్కువ భయం గదా" అన్నారు.

క్షమించమన్నాను. "చెప్పాల్సింది నాక్కాదు బాబూ" అని గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో తెనాలి పాసింజర్లో, పాప నిద్రపోయాక, మా ఆవిడకి చెప్పాను. కిటికీలోంచి పొలాలు చూస్తూ "ఊఁ" అంది. అది ఊఁ కొట్టడమో, ఒప్పుకోవడమో నేనింతవరకూ అడగలేదు.

ఇంకో బిడ్డ వద్దని మా ఆవిడ అనుకుంది. ఈసారి అడిగి తెలుసుకున్నాను. ఆపరేషన్ నేనే చేయించుకున్నాను. కొట్టు దగ్గర స్నేహితులు నవ్వారు. సిస్టరు గారు మాత్రం నవ్వలేదు. "నొప్పిగా ఉందా? ఐసు పెట్టుకోండి" అని అందరు పేషెంట్లతో మాట్లాడినట్టే మాట్లాడారు. అంతకు మించిన మెప్పు నాకు అక్కర్లేకపోయింది.

బుధవారం రేపల్లె వెళ్ళాం. వాకిలి నిండా ఆడవాళ్ళు. చీరాల నుంచి వచ్చిన మగ్గం నేసేవాళ్ళు, రేవు నుంచి చేపల బుట్టలు పక్కన పెట్టి వచ్చినవాళ్ళు, కారులో దిగిన ఒక బ్యాంకు ఉద్యోగిని. మీకు ఈవిడెలా తెలుసని ఒకరినొకరు అడగలేదు. ఒక్కొక్కరే వెళ్ళి ఆవిడ చెయ్యి ముట్టుకుని వచ్చారు.

అన్నీ అయ్యాక, బండెక్కుతూ, "పెనుమూడి వంతెన దాకా పోనివ్వండి" అంది మా ఆవిడ. సరేనని అటు తిప్పాను. వంతెన మధ్యలో దిగి పిట్టగోడ మీద మోచేతులాన్చి నిలబడింది. గాలికి జుట్టు ముడి వీడిపోయింది. సర్దుకోలేదు. ఆవిడ వెళ్దామనేదాకా ఆగుదామని నేను బండికి స్టాండు వేశాను. కింద కృష్ణ సముద్రం వైపు నిండుగా పోతోంది.