సుభద్రక్క ‘లే’

సుభద్రక్కకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. లిఫ్టు ఆలస్యమైనా వస్తుంది, టీలో పంచదార తక్కువైనా వస్తుంది. ఎవరైనా ‘మద్రాసీ మేడమ్’ అన్నారంటే ఇక ఆ రోజంతా దిగదు. షార్జాలో మా కాలేజీ ఐడీ కార్డుల కౌంటర్లో ఆమె పక్క కుర్చీ నాది. ఆమెది రేపల్లె, నాది హన్మకొండ. ఇద్దరం మాట్లాడేది తెలుగే అయినా మధ్యమధ్యలో ఒకరికొకరం అర్థాలు చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆ కోపమంతా గొణుగుడుగానే బయటికి వచ్చేది. వాళ్ల ఫ్లాట్లో గిన్నె మూత జారిపడితే కింది అంతస్తు వాళ్లు వాచ్‌మన్‌ను పైకి పంపుతారు. ఆఫీసులో గొంతు కాస్త లేస్తే ముదీర్, అంటే మా పైఅధికారి, గాజు తలుపులోంచి చూస్తాడు. వాళ్లాయన వీరరాఘవరావుగారు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కు అనే పారిశ్రామిక వాడలో పైపుల ఫ్యాక్టరీ లెక్కలు రాస్తారు. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికొచ్చేసరికి ఆయనకు తలనొప్పి. ఆ ఇంట్లో టీవీ కూడా గుసగుసలాడుతుంది.

“ఈ దేశం వచ్చి ఇన్నేళ్లయిందా, ఒక్కసారైనా నోరారా అరిచానేంటే వైదేహీ? మా ఊళ్లో నేను కేకేస్తే కాలవ అవతలోళ్లు పలికేవోళ్లు” అనేది నాతో సుభద్రక్క.

అలాంటి మనిషికి బాస్కెట్‌బాల్ దొరికింది.

2013 చలికాలంలో కొత్త కార్డులు ఇచ్చి రావడానికి జిమ్ హాలుకు వెళ్లింది. అక్కడ మా అమ్మాయిల జట్టుకు ఏదో కాలేజీతో మ్యాచ్ జరుగుతోంది. వరసలు వరసలుగా కుర్చీలున్నాయి గాని చూసేవాళ్లు లేరు. అవతలి జట్టు బస్సు డ్రైవరొకడు మూల కూర్చుని కునుకు తీస్తున్నాడు. మా పిల్లలు చెమటలు కక్కుతూ ఓడిపోతున్నారు. సుభద్రక్కకు ఒళ్లు మండింది. ఆడపిల్లలు ఇంత కష్టపడుతుంటే చూసే దిక్కు లేదా అని అక్కడే కూర్చుండిపోయింది. ఆటలో ఓనమాలు కూడా తెలియవు. నూర్‌హాన్ అనే ఈజిప్టు పిల్ల బంతికోసం ఎగిరి దబ్బున పడింది. చూసేవాళ్లు ఒక్కరున్నారు, ఆ ఒక్కరూ కుర్చీలోంచి లేచి “లే!” అని అరిచారు.

పడిపోయిన పిల్లకు తెలుగు రాదు. కానీ అరుపు వచ్చిన వైపు చూసి లేచింది.

“ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది. ఒళ్లంతా తేలికైపోయిందనుకో” అంది సుభద్రక్క కౌంటర్‌కు తిరిగొచ్చాక. మొహం వెలిగిపోతోంది. మిగతా కార్డులు ఏవని నేనడిగితే ఆ కట్ట అక్కడే మర్చిపోయానంది.

ఆ తర్వాత మ్యాచ్ అంటే చాలు, ఆమె ఉండేది. ఆటలో నియమాలన్నీ నేర్చుకుందని చెప్పలేను. రెండు పాయింట్లు ఎప్పుడిస్తారో, మూడెప్పుడిస్తారో నన్నడిగేది. నేను నా బుద్ధికి తోచింది చెప్పేదాన్ని. అరుపు మాత్రం ఒక్కటే. బంతి రింగుకు తగిలి పైకి లేస్తే మా పిల్లలు కూడా ఎగరాలని “లే! లే!” ఎవరైనా తోస్తే, విజిల్ మోగితే, పిల్ల కింద పడితే “లే! లే!” ఇంట్లో నిద్రలేపడానికి వాడే మాటతో ఒక జట్టునంతా నడిపించవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అసలు కథ మరుసటి ఏడాదిది. ఆ సీజన్‌లో మా జట్టు ఎప్పుడెలా ఆడుతుందో దేవుడికే తెలియాలి. ముందటేడు కప్పు కొట్టిన జట్టును వాళ్ల హాల్లోనే ఓడించి వచ్చారు. సుభద్రక్క కాలేజీ మొత్తానికి లడ్డూలు పంచింది. ఆ వారమే, సరిగా జెర్సీలు కూడా లేని కొత్త జట్టు చేతిలో చిత్తుగా ఓడారు. అబుదాబి మ్యాచ్‌కు నన్నూ లాక్కెళ్లింది. వెళ్తున్నప్పుడు అబుదాబి శివార్లలోని ముసఫ్ఫా ఫ్యాక్టరీలు దాటేదాకా జట్టు బస్సులో పిల్లలతో అంత్యాక్షరి. ఓడి తిరిగొస్తుంటే మాత్రం ఎవరి నోటా పాట లేదు. నేను నోరు జారాను.

“ఏంది అక్కా, గిట్లాంటి టీముకోసం గంత తిప్పలెందుకు? గెలిచేటోళ్లను చూసి చప్పట్లు కొట్టరాదూ?”

“గెలిచేవాళ్లకి నేనెందుకే? వాళ్లకి ఊరంతా ఉంది” అని కిటికీ వైపు తిరిగింది.

జనవరిలో మా హాల్లోనే గొడవ జరిగింది. రిఫరీ కొత్తవాడు, బట్టతల, భారీ మనిషి. ఆ రోజు ఆట మోటుగా సాగింది. తోపులాటలు, విజిళ్లు. విజిల్ మోగినప్పుడల్లా మా పిల్ల ఎవరో ఒకరు కింద ఉండటం, పైన సుభద్రక్క లేచి నిలబడి “లే! లే! లే!” అనడం. రిఫరీ మొదటిసారి తలెత్తి చూశాడు. రెండోసారి వేలు చూపించాడు. మూడోసారి ఆటే ఆపేసి స్పోర్ట్స్ ముదీర్‌ను పిలిచి అరబ్బీలో ఏదో గట్టిగా చెప్పాడు. ముదీర్ మెట్లెక్కి వచ్చి, “మేడమ్, దయచేసి బయటికి రండి” అన్నాడు. అందరూ చూస్తుండగా ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని మెట్లు దిగింది. నేనూ వెంట వెళ్లాను.

“ఏం తప్పు చేశాను? బూతులు తిట్టానా?” అంది బయట. “మన భాష వాళ్లకి అంత కంపరంగా ఉందా?”

మర్నాడు నూర్‌హాన్ మా కౌంటర్ దగ్గరికి వచ్చింది. నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

“ఆంటీ, మీరు లెమ్మంటున్నారని మాకు తెలుసు గాని, మా ఈజిప్టు వాళ్ల మాటలో ‘లే’ అంటే ఏంటో తెలుసా? ఎందుకు అని! ఆ రిఫరీది అలెగ్జాండ్రియా. ఆయన విజిల్ వేసినప్పుడల్లా మీరు లేచి ‘ఎందుకు? ఎందుకు? ఎందుకు?’ అని నిలదీస్తున్నారు!”

ఇంతలో అక్కడే నిలబడ్డ పెషావర్ గార్డు కూడా అందుకున్నాడు. ఉర్దూలో ‘లే’ అంటే తీసుకో అని కదా, ఇన్నాళ్లుగా మేడమ్ పిల్లలకు ఏమిస్తోందో, ఎక్కడ దాస్తోందో అని తాను కుర్చీల కింద కూడా వెతికానన్నాడు. నేను నవ్వి నవ్వి చచ్చాను. సుభద్రక్క కూడా నవ్వింది. పీడ విరగడైందనుకున్నాం.

విరగడ కాలేదు. స్పోర్ట్స్ ముదీర్ మంచివాడే. సంగతి తెలిసి క్షమాపణ కూడా అడిగాడు. “మళ్లీ రండి మేడమ్. ఆ ఒక్క మాట వదిలేయండి. ఇక రాబోయే రిఫరీలు చాలామంది ఈజిప్టు వాళ్లే, ప్రతివాళ్లకీ నేను అర్థం చెప్పలేను. ‘పద పద’ అన్నట్టు ‘యల్లా’ అనండి, అందరికీ తెలుస్తుంది” అన్నాడు.

“అననండి” అంది సుభద్రక్క. అంత మర్యాదగా ఎవరూ కాదనగా నేను చూడలేదు.

ఆయన వెళ్లాక నేను అందుకున్నాను. “అక్కా, ఇడిసిపెట్టు ఆ మాట. యల్లా అంటే నీ సొమ్మేం పోతది?”

“యల్లా అని టాక్సీవాడూ అంటాడు, సూపర్ మార్కెట్‌లో ట్రాలీ అడ్డమొస్తే వెనకవాడూ అంటాడు. పడ్డపిల్లని యల్లా అంటే కసిరినట్టుంటుందే. లే అంటే చెయ్యి అందించినట్టుంటుంది. ఇంట్లో నెమ్మది, ఆఫీసులో నెమ్మది, లిఫ్టులో నెమ్మది. ఈ ఊళ్లో నేను నోరు తెరిచేది ఆ ఒక్క చోటే. అక్కడ కూడా అరువు మాటే అరవాలా? నా మాటతోనే కూర్చుంటాను. లేదంటే ఖలాస్, నేను రాను.”

అన్నట్టే హాల్లో అడుగుపెట్టలేదు. అలాగని ఇంటికీ పోలేదు. మ్యాచ్ ఉన్న సాయంత్రం హాలు వెనక, ఏసీ మిషన్లు రొద పెట్టే చోట, తలుపుకు చెవి ఆనించి నిలబడేది. ఫిబ్రవరి గాలి చల్లగా కొట్టేది. శాలువా కప్పుకుని, బూట్ల కిరకిరలు, విజిళ్లు వింటూ లోపల ఏమవుతోందో ఊహించుకునేది. నేను లోపలికీ బయటికీ తిరుగుతూ కబుర్లు మోసేదాన్ని. వీరరాఘవరావుగారు ఒకసారి కారులో వచ్చి ఆ అవతారం చూసి, “ఏంటి సుభద్రా ఇది, సినిమా టిక్కెట్టు దొరకనోళ్లలాగ” అన్నారు. ఆమె చూసిన చూపుకు కారెక్కి కూర్చున్నారు.

పైగా మా పిల్లలు ఆమె లేకుండానే గెలిచారు. అదీ రెండు మ్యాచ్‌లు వరసగా! మొదటి కబురు నేనే పరిగెత్తుకెళ్లి చెప్పాను. “గెలిచారా!” అని నా చేతులు పట్టుకుని ఊపేసింది. క్షణం తర్వాత మొహం మాడ్చుకుంది. “నేను లేకుండా గెలిచారన్నమాట. చూశావా ఎంత పొగరో!” అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన అరుపు వల్లే గెలుస్తున్నారని ఆమె ఎప్పుడూ అనలేదు గాని, లోపల అనుకుంటూనే ఉంది పాపం.

ఆ తర్వాత మళ్లీ ఓడారు. చివరి మ్యాచ్ మా హాల్లో. గెలిస్తే సెమీఫైనల్, ఓడితే ఇంటికి. ఆ రోజు పొద్దున నూర్‌హాన్ వచ్చింది. ఈసారి నవ్వడం లేదు.

“ఆంటీ, పడినప్పుడు ఇదివరకు ఒక గొంతు వినపడేది. ఇప్పుడు నాకు నేనే చెప్పుకుని లేస్తున్నాను. బాగుండటం లేదు. వస్తారా?”

సాయంత్రం సుభద్రక్క అందరికంటే ముందు హాలు గుమ్మం దగ్గర ఉంది. స్పోర్ట్స్ ముదీర్ ఆందోళనగా ఎదురొచ్చాడు. అదే బట్టతల రిఫరీ వచ్చాడట.

“మేడమ్, ఆ మాట అనరు కదా?”

“ఇన్షా అల్లా” అంది సుభద్రక్క, దైవేచ్ఛ అన్నట్టు. ఆ జవాబు విన్నాక ఆ దేశంలో ఎవరూ రెండోసారి అడగరు. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

నిజంగానే ప్రయత్నించింది. గుప్పెడు గుప్పెడు సోంపు నోట్లో పోసుకుని నములుతూ కూర్చుంది. మా పిల్లలు ముందుకు పోయారు, వెనకబడ్డారు, అందుకున్నారు, మళ్లీ వెనకబడ్డారు. ఆ సీజన్ మొత్తాన్నీ ఒక్క సాయంత్రంలో ఆడి చూపిస్తున్నట్టే ఉంది. సోంపు డబ్బా ఖాళీ అయింది. ఆఖరి నిమిషంలో మావాళ్లు రెండు పాయింట్లు వెనక. నూర్‌హాన్ బంతితో రింగు కిందికి దూసుకెళ్లి ఎగిరింది. అవతలి జట్టు పిల్ల గుద్దుకుంది. విజిల్ మోగింది. నూర్‌హాన్ వెల్లకిలా పడి, పడినచోటే ఉండిపోయింది.

రిఫరీ ఆమె మీదికి వంగాడు. సుభద్రక్క చెయ్యి నా చేతిని నొక్కుతోంది. తర్వాత ఆ చెయ్యి వదిలేసింది.

“లే!”

లేచి నిలబడి, కడుపులోంచి తీసి అరిచింది. కాలవ అవతలికి వినపడే కేక అదే అయివుంటుంది. ముదీర్ తల పట్టుకున్నాడు. రిఫరీ చటుక్కున నడుం ఎత్తి మా వైపు చూశాడు. విజిల్ నోట్లోకి పోతోంది.

నూర్‌హాన్ పడుకునే నవ్వింది. రిఫరీ చొక్కా అంచు పట్టుకుని లాగి అరబ్బీలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో మాకు తర్వాత తెలిసింది. “ఆవిడ మిమ్మల్ని అడగట్లేదు, నాకు చెప్తోంది. వాళ్ల భాషలో ‘లే’ అంటే పైకి లెమ్మని.” రిఫరీ ఒకసారి ఆ పిల్లను, ఒకసారి సుభద్రక్కను చూశాడు. విజిల్ కిందికి వదిలేసి, నూర్‌హాన్‌కు చెయ్యి అందించాడు. ఆమె లేచింది.

గుద్దినందుకు నూర్‌హాన్‌కు రెండు ఫ్రీ త్రోలు, ఒక్కోదానికి ఒక పాయింటు. మొదటిది పడింది. రెండోది రింగు అంచుకు తగిలి గాల్లోకి లేచింది. అప్పుడు బెంచి మీదున్న మా పిల్లలందరూ, సిరియా వాళ్లు, సూడాన్ వాళ్లు, ఒక మలయాళీ పిల్ల, ఒక్కసారిగా “లే! లే!” అన్నారు. నేనూ అరిచాను. సిగ్గు వదిలేసి అరిచాను. కోర్టులో ఉన్న మా పిల్లలు ఎగిరారు. బంతి అవతలి వాళ్ల చేతికి పోయింది. ఆట ముగిసిన గంట మోగింది.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

పిల్లలు ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయారు. హాలు ఖాళీ అవుతోంది. సుభద్రక్క మాత్రం కదల్లేదు. చేతులు కట్టుకుని, దవడ బిగించి, ఎవరో తనకు బాకీ ఉన్నట్టు ఆ రింగు వైపే చూస్తోంది. పద అక్కా అనడానికి నాకు ధైర్యం చాలలేదు.

రిఫరీ బ్యాగు భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి వచ్చి ఆగాడు. ఓడిపోయే జట్టుకోసం ఈ మనిషికి ఇంత తాపత్రయం ఎందుకో ఆయనకు అంతు చిక్కినట్టు లేదు. తల పక్కకు వంచి, నవ్వుతూ, తన భాషలో అడిగాడు.

“లే?”

సుభద్రక్క వెంటనే లేచి నిలబడింది. అలవాటైన మాటకు ఒళ్లే లేచింది. లేచాక గాని ఆయన అడిగిందేమిటో తట్టలేదు. కొంగు సర్దుకుని, ఆ బట్టతల పెద్దమనిషి కళ్లలోకి సూటిగా చూసి, తెలుగులోనే జవాబిచ్చింది.

“లేస్తాంలే. వచ్చే ఏడు చూడు.”