మద్దిచెట్టు తొర్ర

మొన్న తిరుపతి నుంచి ఒక చదువుకునే పిల్ల కార్వేటినగరం దగ్గరి మా ఊరికి వచ్చి, సెల్లులో ఒక ఈగ బొమ్మ చూపించింది. నడుముకు పసుపు చారలు, పెద్ద కళ్ళు. "అవ్వా, దీన్ని యాడైనా చూసినావా? చానా అరుదైన ఈగ," అని అడిగింది. లేదన్నాను. ఆ పిల్ల మజ్జిగ తాగి పక్కింటికి పోయింది. నేను చెప్పింది అబద్ధం.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో విస్తళ్ళు కుట్టడానికి మోదుగాకు కోసం మా అత్తతో కోనలోకి పోయేదాన్ని. అక్కడ వాగు పక్కన ఒక ముసలి మద్దిచెట్టు. దాని మొదట్లో తొర్ర, తొర్రలో ఎండాకాలం కూడా ఇంకని నల్లనీళ్ళు, కుళ్ళిన ఆకుల వాసన. ఆ నీళ్ళలో తోక పురుగులు, ఈగలయ్యే పిల్లలు. పైన గాలిలో కదలకుండా నిలబడే అవే పసుపు చారల ఈగలు. మా అత్త వాటిని నిలువీగలు అనేది. మొదటిసారి కొంగు కప్పుకొని పరుగెత్తితే పడీ పడీ నవ్వింది. "ఏం మే, అంత బెదురు? అది కుట్టేది కాదు. కందిరీగ యేసం కట్టినాది, అంతే. మనూరి నాటకంలో రాజు మాదిరి, కత్తి ఉండాది, పదును లేదు." పక్క కోనలో అవి ఉండవనీ, ఈ చెట్టును వదిలి దూరం పోవనీ చెప్పేది. ఆకు కోసే పనికి అవేమి అక్కరో నాకు తెలియదు. ఆమె మాత్రం ఏటా ముందు వాటిని చూశాకే కొడవలి తీసేది.

నా కూతురికి మూడేళ్ళప్పుడు ఆ చెట్టు కిందే కందిరీగలు కుట్టాయి. కళ్ళు మూసుకుపోయేంతగా మొహం వాచింది. మర్నాడు మధ్యాహ్నం నేనొక్కదాన్నే పోయి, తొర్రలో పొగబెట్టి, రాళ్ళు దూర్చి, బంకమన్నుతో మెత్తేశాను. కుట్టని ఈగల సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను. ఎవరి మీదో ఒకరి మీద కోపం తీరాలి కదా.

మా అత్త ఆ మట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "కుట్టినోళ్ళ గూడు పైకొమ్మన ఉండాదే," అంది. మరుసటేడు మట్టి తవ్వి తీశాను. పొగబెట్టిన వేడికి చెక్క పగిలినట్టుంది, వానలు పడినా నీళ్ళు నిలవలేదు. ఈగలు రాలేదు. మా అత్త పోయేదాకా మేము వాటి మాట ఎత్తలేదు.

ఆ పిల్లను పక్కింటి నుంచి వెనక్కి పిలిచి అంతా చెప్పాను. మర్నాడు ఇద్దరం కోనకు పోయాము. చెట్లకు కొదవ లేదు. కానీ మిగతావన్నీ పడుచువి, ఒక్కదానికీ తొర్ర లేదు. చెట్టు ముసలిదైతే తప్ప ఆ ఈగకు ఇల్లు దొరకదని ఆమె చెప్పింది. ఆ ముసలి మద్ది దగ్గర పొద్దు వాలేదాకా కూర్చున్నాము. ఏదీ రాలేదు.

ఆమె పుస్తకంలో 'ఒకప్పుడు ఉండేది' అని రాసుకుంది. నేను కూడబలుక్కుని చదివి, "నేను మూసినానని కూడా రాయి పాపా," అన్నాను.

"అట్ల రాయరవ్వా," అంది మెల్లగా.

అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్నే, అయినా ఆమె రాయనిది నేనే రాస్తున్నాను. ఒక చెట్టులో నీళ్ళు నిలిచేంత తొర్ర పట్టడానికి ఎన్ని తరాలు పడుతుందో ఆ పిల్ల కూడా చెప్పలేకపోయింది. నాకు మాత్రం ఒక పూట చాలింది.