రెప్పలార్పుతూ తొక్కాలి

పెళ్లికొడుకు చెప్పులు దాచడం ఎక్కడైనా ఉన్నదే. మా బావమరిది నా కళ్లద్దాలు దాచాడు. నాది మైనస్ ఏడు పవర్. ఆళ్లగడ్డ కల్యాణమండపంలో పెళ్లికూతురు నాకు ఒక పసుపుపచ్చ మరకలా కనపడింది. మూడుముళ్లు వేయబోయి, జడ ఎత్తి పట్టుకున్న వాళ్ల పెద్దమ్మ వేలిని కూడా కలిపి ముడి వేశాను. మండపమంతా గొల్లున నవ్వింది. వాడికప్పుడు పద్దెనిమిదేళ్లుంటాయేమో. "బావా, అక్క ఈ పక్కుండాది" అని స్తంభం పక్కనుంచి అరిచాడు. అద్దాలు భోజనాల దాకా ఇవ్వలేదు. బావమరిది సరసం, ఏమనగలను? నవ్వాను. లోపల పళ్లు నూరుకున్నాను. పదకొండేళ్లు నూరుకుంటూనే ఉన్నాను. నా బుద్ధి అలాంటిది, దాచుకోవడం దేనికి.

నేను నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆరేళ్ల కింద షుగరు వచ్చేలా ఉందని డాక్టరు భయపెడితే సైకిల్ కొన్నాను. చెమటకు అద్దాలు జారుతుంటే విసుగొచ్చి కాంటాక్ట్ లెన్సులకు మారాను. అవి పెట్టుకుని సైకిల్ తొక్కడం నాకెవరూ నేర్పలేదు, ఏడ్చి నేర్చుకున్నాను. ఎదురుగాలికి లెన్సు ఎండి కంటికి అతుక్కుంటుంది. అందుకే పక్కలు కూడా మూసుకునే చలవద్దాలు పైన ఉండాలి. వేగంగా పోయేటప్పుడు తెలియకుండానే కళ్లు విప్పార్చి చూస్తాం, కాబట్టి కావాలని రెప్పలార్పుతూ తొక్కాలి. చుక్కల మందు దగ్గరుండాలి. నలుసు పడితే నలపకూడదు. ఆగి, చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని, లెన్సు తీసేసి మామూలు అద్దాలు పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, లెన్సుకు నీళ్లు తగలకూడదు. కాచినవైనా, మినరల్ వాటరైనా, మహానంది తీర్థమైనా సరే. ఆదివారాలు మాతో తొక్కే ప్రతివాడికీ ఇదంతా చెప్పాను. తడి చేత్తో లెన్సు ముట్టుకున్నవాణ్ణి రోడ్డు మీదే తిట్టాను. వాళ్లు నాకు కండ్ల సారు అని పేరు పెట్టారు.

మా అత్తగారిది శిల్పుల ఇల్లు. విగ్రహమంతా అయ్యాక ఆఖరున కళ్లు చెక్కుతారు, ఆ పని ఇంట్లో పెద్దచేతిదే. మా మామకు చేతులు వణకడం మొదలైంది. ఈసారి గుడికి చేస్తున్న అమ్మవారి విగ్రహానికి కళ్లు నువ్వే చెక్కాలని కొడుక్కి చెప్పాడు. చీర కుచ్చెళ్లు, గాజులు, కాలివేళ్లు చెక్కుతూ వాడు పన్నెండేళ్లుగా ఈ మాట కోసమే కూర్చున్నాడు. ఆ సంతోషంలో గేర్ల సైకిల్ కొనుక్కున్నాడు. వాడికీ ఈమధ్య అద్దాలు వచ్చాయి. నీ మాదిరి లెన్సులు పెట్టుకుంటా బావా అని ఒక శనివారం నంద్యాలకు వచ్చాడు. నేనే అద్దాల అంగడికి తీసుకుపోయాను. అక్కడి అమ్మాయి పెట్టుకోవడం, తీయడం నేర్పించి, రాత్రిపూట వేసి ఉంచడానికి మందునీళ్ల సీసా ఇచ్చింది. సైకిల్ సంగతి మీ బావను అడగండి అంది.

బయటికి రాగానే అడిగాడు. "సైకిల్ మీద ఏమన్నా జాగర్తలు పడాల్నా బావా?"

"ఏముందప్పా, పెట్టుకోని తొక్కడమే" అన్నాను.

ఆ మాట అనడానికి నాకేమీ కష్టం కాలేదు. ఒక గంట ఏడవనీ అనుకున్నాను. నలుగురి ముందు కళ్లు కనపడక తడుముకోవడం ఎలా ఉంటుందో వాడికీ తెలియాలి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరమూ ఆళ్లగడ్డకు బయల్దేరాం. ఎదురుగాలి. రోడ్డు అంచున మొక్కజొన్న ఆరబోసి మిషన్ పెట్టి ఒలుస్తున్నారు, పొట్టు మొహాన కొడుతోంది. నేను చలవద్దాలు సర్దుకున్నాను. శిరివెళ్ల ఇంకా రాకముందే వెనకనుంచి పిలిచాడు.

"బావా, కండ్లు మండుతాండాయి. ఒగ నిమిసం నిలబడు."

"ఏందప్పా, ఇంతకేనా? రాయి చెక్కేటోడివి. తొక్కు."

ఒక చేత్తో కన్ను నలుపుకుంటూ, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని శిరివెళ్ల దాకా వచ్చాడు. టీ అంగడి దగ్గర దిగి, డ్రమ్ములో నీళ్లు చెంబుతో ముంచుకుని కుడికన్ను కడుక్కున్నాడు. నేను బెంచీ మీద కూర్చుని రెండు టీలు చెప్పాను. వాడు ఆ కంటి లెన్సు తీసి అరచేతిలో పెట్టుకుని, అవే నీళ్లు పోసి వేలితో రుద్దాడు. మళ్లీ పెట్టుకోబోతూ నావైపు చూశాడు.

"ఇట్ల చెయ్యొచ్చా బావా?"

నేను తల ఊపాను. టీ బాగుంది, ఇంకోటి తాగాను.

వారం తిరిగేసరికి ఆ కన్ను తెరవలేకపోయాడు. నంద్యాలలో చూసి కర్నూలుకు పంపారు. నీళ్లలో ఉండే, కంటికి కనపడని పురుగేదో నల్లగుడ్డు పైపొరలో దూరిందన్నారు. రాత్రీ పగలూ గంటకోసారి చుక్కలు. కాస్త వెలుతురు పడినా గోడకు తల కొట్టుకునేవాడు. నేను కోరుకున్నది ఒక్క గంట.

ఆదివారాలు మాతో తొక్కే ఒకాయన ఆసుపత్రికి పండ్లు తీసుకుని వచ్చాడు. మంచం పక్కన నేనూ నా భార్యా ఉన్నాం. ఆయన నిజంగానే బాధపడుతూ అన్నాడు. "నీళ్లు తగిలితే కన్ను పోతాదని సారు మాకందరికీ వందసార్లు చెప్పినాడే. నీకు చెప్పలేదాప్పా?"

నా భార్య నావైపు తిరిగింది. బావమరిది కుడికంటి మీద గుడ్డ అదుముకుని, ఎడమకంటితో నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎందుకు ఊపానో వాడికి అప్పుడు అర్థమైంది. అర్థం కావడం నేను చూశాను.

"చెప్పినాడన్నా" అన్నాడు. "నేనే ఇనలే."

అక్క కాపురం కోసం అన్నాడు, ఇంకెందుకు అంటాడు? లేదు, నేను చెప్పలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఐదు నెలలకు నొప్పి పోయింది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగిలింది. ఆ కంటికి ఇప్పుడు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. మా మామ ఒక పనికిరాని రాయి ఇచ్చి కళ్లు చెక్కించి చూశాడు. ఒకటి లోతుగా దిగింది, ఒకటి పైపైన వచ్చింది. ఆయన ఉలి తీసి పక్కన పెట్టాడు. అమ్మవారి కళ్లు వాళ్ల చిన్నాన్న కొడుకు చెక్కాడు. మా బావమరిది ఇప్పుడు విగ్రహాల పీఠాలను నున్నగా రుద్దే పని చేస్తాడు.

నెలకోసారి మా ఇంటికి భోజనానికి వస్తాడు. కూర్చోగానే నా భార్య మొదలుపెడుతుంది. "బావ అన్నిసార్లు చెప్తే ఇంటివా? ఒళ్లు కొవ్వు. అమ్మోరి కండ్లు చెక్కాల్సినోడివి, నీ కన్నే పోగొట్టుకుంటివి." వాడు తల దించుకుని "అవునక్కా" అంటాడు. ఆమె కళ్లు తుడుచుకుని, నా కంచంలో ఇంకో సంగటి ముద్ద పెడుతుంది. నేను తింటాను.