లిఫ్టు గోడ వెనక డోంకా

రూసే అనే ఊళ్లో డోంకా చెయ్యి పడని లిఫ్టు లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు మరమ్మతు పనిలో ఉండి రిటైరైంది. ఆ మరుసటేడు సినిమావాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు.

సినిమా కథంతా ఒక్క లిఫ్టులోనే. పళ్లడాక్టరు, లాయరు, సంగీతం నేర్పే ముసలామె, ఉత్తరాలు పంచే అమ్మాయి అందులో ఇరుక్కుంటారు. నలుగురిలో ఒకరు అప్పుడే పై అంతస్తులో హత్య చేసి వచ్చారు. మూతపడిన నూలు మిల్లులో చెక్కతో లిఫ్టు గది కట్టారు. దాని వెనక నిలబడి నిజం లిఫ్టులా కుదపడం డోంకా పని.

"ఇంతకీ హంతకుడెవరు నాయనా?" అని మొదటి రోజే దర్శకుడు ఒగ్న్యాన్‌ను అడిగింది.

"చెప్తే ఆ మనిషి వంతు రాగానే మీరు గట్టిగా కుదిపేస్తారు పిన్నీ!" అని నవ్వేశాడు.

సన్నివేశాలు ముందువి వెనక, వెనకవి ముందు తీసేవారు. గోడ ఇవతలున్న డోంకాకు లోపలి మాటలే వినపడేవి. ఇంటికెళ్లి అవన్నీ భర్త రాడ్కోకు అప్పజెప్పేది.

"ఆ పళ్లడాక్టరే," అన్నాడు రాడ్కో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ.

"పళ్లడాక్టరంటే నీకు భయం గనక! ఇరుక్కున్నాక తలుపు బాదని మనిషిని అనుమానించాలి. ఆ ముసలామె ఒక్కసారీ బాదలేదు."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నిజంగానే తలుపు బిగుసుకుంది. మూడు రోజుల వానకు చెక్క ఉబ్బింది. వడ్రంగులు పరుగెత్తారు. లోపల ముసలామె వేషం వేసినావిడ ఊపిరాడక కేక పెట్టింది. బయట అందరూ ఒకేసారి అరవసాగారు.

"నోళ్లు మూయండి!" అని డోంకా తలుపు సందుకు నోరు ఆనించింది. "నేను డోంకాను. ఇంతకన్నా మొండి తలుపులు తీశాను. మీ దగ్గర తినేదేమైనా ఉందా?"

"ఒక్క పిప్పరమెంటు," అంది ఉత్తరాల అమ్మాయి.

"నలుగురూ పంచుకోండి."

"దీన్నా? ఎలా, దారం కట్టి తిప్పుకోమంటారా?" అన్నాడు లాయరు.

ముసలావిడ కిసుక్కున నవ్వింది.

"నవ్వొచ్చిందంటే గాలి సరిపోతోందన్నమాటే!" అంది డోంకా. పన్నెండు నిమిషాలకు తలుపు ఊడింది.

గోడ కన్నంలోంచి కెమెరా అంతా పట్టేసింది. నలుగురినీ, డోంకానూ అడిగి, సరేనన్నాకే ఒగ్న్యాన్ దాన్ని సినిమాలో చేర్చాడు.

తొలి ఆటకు దంపతులిద్దరూ వెళ్లారు. చీకట్లో తన గొంతు వినపడగానే డోంకా సిగ్గుతో రాడ్కో చెయ్యి గిల్లింది. చివరికి హంతకురాలు ఆ ఉత్తరాల అమ్మాయి! అందరినీ బాగున్నారా అని అడిగిన పిల్ల.

"మన ఇద్దరి తెలివీ తెల్లారినట్టే ఉంది," అన్నాడు రాడ్కో.

డోంకా నవ్వలేదు. ఎన్ని వందల మందిని లిఫ్టుల్లోంచి లాగింది! ఎక్కడినుంచి వస్తున్నావని ఒక్కరినీ అడగలేదే!

మర్నాడు తమ భవనం లిఫ్టులో డోంకాతోపాటు నాలుగో అంతస్తు ఆయన ఎక్కాడు. ఇరవై ఏళ్లుగా తల ఊపుకోవడమే వాళ్ల పరిచయం.

"ఎక్కడినుంచి వస్తున్నారండీ?" అని అడిగేసింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "డాన్సు నేర్చుకుంటున్నానండీ," అన్నాడు మెల్లగా.